వాగ్దానం కార్డు గారికి ఒక బహిరంగ లేఖ

ప్రియమైన వాగ్దానం కార్డు గారికి,

ప్రభువు నామమున వందనాలు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు కొట్టగానే, కేకు కన్నా ముందు మీరొస్తారు. కొత్త ఏడాదికి దేవుడిచ్చే మాటగా తలా ఒక బైబిలు వాక్యం మోసుకుని, స్టీలు ట్రేలో, బోర్లా పడుకుని. చూడకుండా ఒక్కొక్కరం ఒకటి తీస్తాం. ఏడాదంతా బైబిలు తెరవని మా మామయ్యకు కూడా ఆ నిమిషంలో చెయ్యి వణుకుతుంది. తీసినదాన్ని లామినేషన్ చేయించి ఫ్రిజ్ మీద అంటిస్తాం, వాట్సాప్ స్టేటస్‌లో పెడతాం.

మీలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. మీరు మమ్మల్ని ఏమీ అడగరు.

పోయినేడాది నాకు ద్వితీయోపదేశకాండము 28:13 వచ్చింది. "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు." సంతోషం పట్టలేక బైబిలు తీసి చూశాను. చూడకుండా ఉండాల్సింది. వాక్యం అక్కడ మొదలవదండీ. దాని ముందు ఆజ్ఞలను విని గైకొనినయెడల అని ఉంది. మన భాషలో షరతు ముందొస్తుంది, ఫలం చివరికొస్తుంది. కత్తెర వేయడం తేలిక. 'యెడల' దగ్గర ఎవరో టక్కున కోసేశారు. తల మిగిలింది, మొండెం చెత్తబుట్టలోకి పోయింది.

ఆ అధ్యాయంలో 68 వచనాలున్నాయి. ఆశీర్వాదాలు 14వ వచనంతో సరి. మిగతా 54 వినకపోతే ఏమవుతుందో చెప్పేవి, మధ్యలో గజ్జి, మూలవ్యాధి కూడా ఉన్నాయి. మా సంఘంలో ఇంతవరకు ఎవరికీ మూలవ్యాధి కార్డు రాలేదు. దేవునికే మహిమ.

అక్కడితో మూసేయక ఒక పేజీ వెనక్కి తిప్పాను. 27:17. పొరుగువాడి సరిహద్దు రాయి తీసేసేవాడు శాపగ్రస్తుడట. దానికి జనులందరూ ఆమేన్ అనాలట.

మా నాన్న పోయాక ఇంటిస్థలం నేనూ తమ్ముడూ పంచుకున్నాం. మధ్యలో ప్రహరీ నేనే కట్టించాను. మేస్త్రి తాడు పట్టినప్పుడు గోడ వాడి వైపు ఓ మూర జరిగింది. మూరంటే ఏముందండీ, మల్లెపూల బేరమంత. పొడవు మాత్రం అరవై అడుగులు. తన సరిహద్దును విశాలపరచమని బైబిల్లో యబ్బేజు ప్రార్థించాడు కదా, నా విషయంలో ఆ ప్రార్థన నెరవేరిందని అప్పట్లో సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పాను.

అలాగని నేను దేవుడి మాట వినని మనిషిననుకోకండి. దశమభాగం పైసలతో సహా లెక్కగట్టి ఇస్తాను. శుక్రవారం ఉపవాసం తప్పను. ఆ గోడ సంగతొక్కటే ఎత్తొద్దు. పాస్టరుగారు సౌలు రాజు గురించి మొదలుపెట్టినప్పుడల్లా నాకు దగ్గొస్తుంది. శత్రువులైన అమాలేకీయులవి ఏవీ మిగల్చొద్దని దేవుడు చెబితే, వాళ్ల మందలో మంచివన్నీ మిగుల్చుకొచ్చి, దేవుడికి బలివ్వడానికేనన్నాడు పాపం. "నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపులేమిటి మరి?" అని సమూయేలు ప్రవక్త నిలదీశాడు. గొర్రెలతో అదే చిక్కు. నా గోడ నయం, అరవదు.

బైబిల్లో కాలేబు అనే ఆయన పూర్ణమనస్సుతో దేవుణ్ణి అనుసరించాడంటారు. ఆయన 85 ఏళ్ల వయసులో వచ్చి "ఈ కొండ నాకియ్యి" అనడానికి, ఆ నేల ఇస్తానని దేవుడు మాట ఇచ్చిన రోజు నుంచి 45 ఏళ్లు పట్టింది. మీ వ్యాలిడిటీ ఏడాదే. పన్నెండు నెలల్లో ఫలితం కనబడకపోతే ట్రేలోంచి కొత్తది తీసుకుంటాం.

అంత నమ్ముకుంటే ఈసారి నాకు ద్రోహం చేశారు. యెషయా 1:19 వచ్చింది. ఎప్పుడూ "భూమి యొక్క మంచి పదార్థములను అనుభవింతురు" అన్న ముక్కే ఉండేది. ఈసారి ప్రెస్సువాళ్లు ఏమరుపాటున వాక్యమంతా వేసేశారు. "మీరు సమ్మతించి నా మాట వినినయెడల" అట. గోడ జరపడానికే ప్రాణం ఒప్పక చస్తుంటే, సమ్మతించి జరపాలా?

చుట్టూ చూశాను. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. కార్డును మెల్లగా ట్రే అడుక్కి తోసి ఇంకోటి తీశాను. తలే వచ్చింది. స్తోత్రం!

ట్రే వెనక వరసకు వెళ్లింది. అక్కడ తమ్ముడున్నాడు.

ఆరాధనయ్యాక కేకు తింటూ, "అన్నయ్యా, నీకేమొచ్చింది?" అన్నాడు. చూపించాను. "మరి నీకు?" అన్నాను. వాడు చొక్కా జేబు తడుముకుని, కార్డు తీయకుండానే, "పొద్దున ఓసారి ఇంటికొస్తాను" అన్నాడు.

ఇట్లు,
అరవై అడుగుల పొడవునా ఒక మూర ఎక్కువగా ఆశీర్వదించబడిన
మీ సహోదరుడు