ముందు సర్టిఫికెట్, తర్వాత పెళ్లి?

డిసెంబరు సెలవులకు పిల్లలు వస్తున్నారంటే బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు ఇళ్లలో అరిసెల పిండి దంచడంతో పాటు ఇంకో పని కూడా మొదలవుతోంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేయడం. అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చదువుతోంది. అబ్బాయి అక్కడి సిటిజన్. ధనుర్మాసం కాబట్టి ముహూర్తం మాఘంలోనే. ‘ఈలోగా రిజిస్ట్రేషన్ కానిచ్చేస్తే పేపర్లు కదులుతాయి’ అంటారు పెద్దలు. గుడిలో దండలు మార్పించి, నాలుగు ఫోటోలు తీసి, సర్టిఫికెట్ చేతికి రాగానే ఎవరి విమానం వాళ్లను ఎక్కిస్తారు. ఇంట్లో దాన్ని పెళ్లి అని ఎవరూ అనరు. అది కాగితం పని.

ఈ అలవాటు మానుకోవాలని మేం గట్టిగా చెబుతున్నాం. ఇందులో ఎక్కువ నష్టపోయేది స్టూడెంట్ వీసా మీద ఉన్న బిడ్డే.

తొందర ఎందుకో మాకూ తెలుసు. చదువు అయ్యాక అక్కడే పనిచేసుకోనిచ్చే అనుమతి ఓపీటీ 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగు కోర్సులకైతే మరో 24 నెలలు. ఆ తర్వాత ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000 హెచ్1బీ ఉద్యోగ వీసాలకు లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లపై లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చిన వారం ఎన్ని ఇళ్లలో నిద్ర కరువైందో! విద్యార్థులు అక్కడే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్1బీకి స్టేటస్ మార్చుకుంటే ఆ ఫీజు పడదని తర్వాత స్పష్టత ఇచ్చినా భయం పోలేదు. ఆ భయంలోనే ‘సిటిజన్ సంబంధం’కు గిరాకీ పెరిగింది. దీన్ని మేం ఎద్దేవా చేయం. ఒకప్పుడు గవర్నమెంటు ఉద్యోగం చూసి పిల్లనిచ్చినవాళ్లమే మనం. పెద్దలు కుదిర్చిన సంబంధమని అమెరికా చట్టమూ తప్పుపట్టదు. పెళ్లినాటికి ఇద్దరికీ కలిసి కాపురం చేసే ఉద్దేశం ఉందా లేదా అన్నదే అక్కడి కోర్టులు చూసేది.

చిక్కంతా మన సర్టిఫికెట్‌తోనే. వీసా కోసం ముందే రిజిస్ట్రేషన్ చేయించుకుని, అసలు తంతు తర్వాత పెట్టుకునే ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో నేరుగా తప్పుపట్టింది. ఇద్దరు పైలట్ల కేసు అది. జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ధర్మాసనం, హిందూ వివాహ చట్టం కింద తంతు జరగకుండా ఒట్టి సర్టిఫికెట్ ఉంటే అది పెళ్లే కాదని తేల్చింది. పెళ్లి ఎక్కడ జరిగితే అక్కడి చట్టం ప్రకారం చెల్లుతుందా అని అమెరికా అధికారులు చూస్తారు. ఇక్కడ చెల్లని కాగితం మీద అక్కడ కట్టిన గ్రీన్‌కార్డు ఫైలు ఏమవుతుందో వేరే చెప్పాలా? ‘మా దగ్గర దండలు మార్చుకున్నా చెల్లుతుంది కదా’ అని చెన్నై బంధువులు ధైర్యం చెబుతుంటారు. నిజమే, 1967లో మద్రాసు రాష్ట్రం తెచ్చిన సవరణ ఆ వీలు కల్పించింది. హోసూరు దాటి ఇటు వస్తే అది వర్తించదు. ఇక ప్రత్యేక వివాహ చట్టానికి 30 రోజుల నోటీసు కావాలి. మూడు వారాల సెలవులో అది కుదిరే పని కాదు.

తిరుగు ప్రయాణం ఇంకో గండం. ఎఫ్1, అంటే స్టూడెంట్ వీసా, చదువుకుని వెనక్కి వచ్చేస్తామన్న మాట మీద ఇచ్చేది. ఇక్కడ సిటిజన్‌ను పెళ్లాడి, అక్కడే స్థిరపడే ఆలోచనతో, మళ్లీ విద్యార్థినని చెప్పి దిగడం ఆ మాటకు విరుద్ధం. ఎయిర్‌పోర్టులో అధికారి ‘పెళ్లయిందా?’ అని అడిగితే, అసలు పెళ్లి మాఘంలో కదా అనుకుని ఆ పిల్ల ‘కాలేదు’ అంటుంది. నెల తిరగ్గానే డిసెంబరు తేదీ ఉన్న సర్టిఫికెట్ జతచేసి గ్రీన్‌కార్డుకు అప్లై చేస్తుంది. తర్వాత ఇంటర్వ్యూ బల్ల మీద ఆ సర్టిఫికెట్, మాఘం ముహూర్తంతో అచ్చయిన శుభలేఖ పక్కపక్కనే ఉంటాయి. అబద్ధం చెప్పి దేశంలోకి వచ్చారని తేలితే జీవితకాలం తలుపులు మూసుకుపోవచ్చు. మినహాయింపు ఉన్నా దొరకడం కష్టం.

ఇక్కడే పెళ్లి చేయాలనుకుంటే నిజంగా చేయండి. అబ్బాయి అక్కడి నుంచి పిటిషన్ వేస్తే, ఇమిగ్రెంట్ వీసా వచ్చేదాకా అమ్మాయి ఇక్కడ ఆగాలి. చదువు మధ్యలో అది కుదరదంటే పెళ్లి అక్కడే జరగాలి, విద్యార్థి నుంచి గ్రీన్‌కార్డుకు స్టేటస్ అక్కడే మార్చుకోవాలి. కౌంటీ ఆఫీసులో పావుగంట పెళ్లిని వీడియో కాల్‌లో చూడటం కన్నవాళ్లకు మింగుడుపడదు. కానీ అప్లికేషన్ వేశాక, అడ్వాన్స్ పెరోల్ అనే ప్రయాణ అనుమతి చేతికి రాకముందే అమ్మాయి దేశం దాటితే అప్లికేషన్ వదులుకున్నట్టే. ముహూర్తం పెట్టి, కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టి, కేటరింగ్ మాట్లాడాక ఈ సంగతి తెలిసిన ఇళ్లు ఉన్నాయి. అనుమతి వచ్చేదాకా మండపం జోలికి వెళ్లకండి.

‘అబ్బాయికి అమెరికా కాగితాలున్నాయి’ అనే పెళ్లిళ్ల పేరయ్యను ఏ కాగితాలని అడగాలి. సిటిజన్ అయితే పిటిషన్, గ్రీన్‌కార్డు అప్లికేషన్ కలిపి వేయొచ్చు. చట్టబద్ధంగా దేశంలోకి వచ్చి ఉంటే మధ్యలో స్టేటస్ తప్పినా సాధారణంగా అడ్డు కాదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే, అలాంటివాళ్ల భార్య లేదా భర్తకు ఉండే ఎఫ్2ఏ కోటాలో వంతు రావాలి. అందాకా విద్యార్థి స్టేటస్ నిలబెట్టుకోవాలి, అంటే ఫీజులు కట్టాలి. ఆ ఫీజు ఎవరు కడతారో పెళ్లిచూపుల్లో మాట్లాడుకునేవాళ్లు అరుదు. బ్రిటన్ లెక్క వేరు. విద్యార్థి అక్కడే ఉండి స్పౌస్ వీసాకు మారొచ్చు గానీ, 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి గ్రీన్‌కార్డు వచ్చాక మొదలవుతుంది. పెళ్లయి రెండేళ్లు నిండకముందే మంజూరైతే అది రెండేళ్ల షరతు కార్డే. 1986 చట్టం పెట్టిన షరతు ఇది. గడువుకు ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి దాన్ని తీయించుకోవాలి. ఆ సంతకం ఒక మొగుడి చేతిలో బెదిరింపుగా మారడానికి ఎంతసేపు? కెనడా 2012లో ఇలాంటి షరతే పెట్టి, హింసను భరిస్తూ పడి ఉండాల్సి వస్తోందని 2017లో ఎత్తేసింది. అమెరికా ఎత్తేయలేదు. అయితే నిజాయితీగా చేసుకున్న పెళ్లి విడాకులకు దారితీసినా, భర్త కొట్టి హింసించినా, అతని సంతకం లేకుండా ఒంటరిగా దరఖాస్తు చేసుకునే దారి ఉంది. గ్రీన్‌కార్డు రాకముందే హింస మొదలైతే 1994 చట్టం కింద తన పిటిషన్ తానే వేసుకోవచ్చు. మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ‘సర్దుకుపో తల్లీ, కార్డు పోతుంది’ అని ఫోన్‌లో చెప్పే అమ్మానాన్నలకు ఈ రెండు దారులూ తెలిసి ఉండాలి.

కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కూడా నాలుగు ఫోటోలు చూసి ముద్ర కొట్టడం ఆపి, తంతు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట జరిగిందో అడగాలి. ఇళ్లలో చేయాల్సింది మరొకటుంది. అప్లికేషన్ కాపీలు, రసీదు నంబర్లు, ఆన్‌లైన్ అకౌంట్ పాస్‌వర్డ్ అత్తమామల దగ్గరో, కన్సల్టెన్సీ దగ్గరో కాకుండా ఆ పిల్ల దగ్గరే ఉండాలి. మొదటి ఫీజు కట్టే ముందు, అబ్బాయి తరఫు లాయరుతో పాటు తనకంటూ ఒక లాయరుతో ఒక గంట మాట్లాడే డబ్బు పెళ్లి బడ్జెట్లోంచే తీసివ్వాలి.