పటర్ ముఖాన కక్కు

నా చిన్నతనంలో మా వీధిలోకి అప్పుడప్పుడూ ఒక మనిషి వచ్చి "రోళ్ళకు కక్కు కొడతాం, తిరగళ్ళకు కక్కు కొడతాం" అని కేక వేసేవాడు. అరుగు మీద కూర్చుని, వాడకంలో నున్నబడిపోయిన రాతి మీద ఉలితో గాట్లు పెట్టి, ఇచ్చిన చిల్లర పుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. ఆ వృత్తి అంతరించిందని బాధపడేవారికి ఒక శుభవార్త. అది అంతరించలేదు, అమెరికా వెళ్ళింది. అక్కడ దానిని ఫేస్ మిల్లింగ్ అంటారు. గోల్ఫ్ ఆటలో బంతిని గుంటలోకి నెట్టే పటర్ అనే కర్ర ముఖాన, ఉలికి బదులు కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రంతో అదే కక్కు కొట్టి, చిల్లరకు బదులు నాలుగైదు వందల డాలర్లు పుచ్చుకుంటారు.

నేనుండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. గోల్ఫ్ వృత్తి నిపుణుల సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి మా ఊరికి తరలించింది. అప్పటిదాకా హనుమంతుడి గుడి పార్కింగ్‌లో ఇళ్ళ ధరల గురించి, గ్రీన్‌కార్డు తేదీల గురించి మాట్లాడుకునే మావాళ్ళలో కొందరు ఇప్పుడు పులిహోర దొన్నె చేతిలో పట్టుకుని కక్కు లోతు ఎంత ఉండాలనే విషయం మీద వాదించుకుంటున్నారు. ఇది పురోగతి కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 72 దెబ్బల ఆటలో పద్దెనిమిది గుంటలకు రెండేసి చొప్పున 36 దెబ్బలు పటర్‌కే కేటాయించారు. సగం ఆటను కక్కు లేని నున్నటి ముఖానికి అప్పగించడం గృహస్థు చేయవలసిన పని కాదు.

ఎంపిక మాత్రం తేలిక కాదు. కక్కు పైపైన ఉంటే బంతి తగిలినప్పుడు టంగుమంటుంది. లోతుగా ఉంటే లోహం బంతిని తాకే మేర తగ్గి, చప్పుడు మెత్తబడి టప్పుమంటుంది. పటర్లు తయారుచేసే బెటినార్డి వారు ముఖమంతా తేనెపట్టులా చెక్కుతారు. ఇక లోహం సంగతి వేరే. 303 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు పెద్దగా సేవ అక్కరలేదు. కార్బన్ స్టీలు మెత్తగా ఉంటుందని పెద్దలు చెబుతారు గాని, దానికి తుప్పు భయం ఉంది కనుక ఆవకాయ జాడీకి చేసినంత సేవ చేయాలి, తడి తగలనివ్వకూడదు, పైన నూనె తగ్గనివ్వకూడదు. వీటన్నిటికీ పైన జర్మన్ స్టెయిన్‌లెస్ స్టీలు ఉంది. టైగర్ వుడ్స్, మేజర్లు అనే అతి పెద్ద పోటీలలో తాను గెలిచిన 15 టైటిళ్ళలో 14 ఆ లోహంతో చేసిన స్కాటీ కామెరాన్ బ్రాండు పటర్‌తోనే గెలిచాడు. ఆ గెలుపులలో ఆయన పాత్ర ఎంత అన్నది ఇంకా తేలవలసి ఉంది.

కక్కు దేనికి అని అడిగితే రెండు మాటలు చెబుతారు: ఒకటి ఫీల్, రెండోది రోల్.

ఫీల్ అంటే చేతికి తెలిసేది అని చాలామంది భ్రమ. పటర్‌కూ బంతికీ మధ్య సంపర్కం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కబురు చేతి నుంచి మెదడుకు చేరేలోగా బంతి తన దారిన తాను వెళ్ళిపోతుంది. మనం చేతికి తెలిసిందనుకునేదానిలో చాలా భాగం చెవికి వినిపించినదే. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరుగా పనిచేసిన కార్స్టెన్ సోల్‌హైమ్ 1959లో కాలిఫోర్నియాలోని తన ఇంటి గరాజులో ఒక పటర్ చేస్తే, అది బంతిని కొట్టినప్పుడు పింగుమన్నది. ఆయన కంపెనీకి ఆ చప్పుడే పేరయింది.

ఈ సంగతి వివరిస్తుండగా మా బావమరిది, వాడికి ఏ విషయం మీదా గౌరవం లేదు, జేబులోంచి స్పంజి బిరడాలు తీసి "బావా, ఇవి చెవుల్లో పెట్టుకుని కళ్ళు మూసుకో, నేను ఇచ్చిన పటర్‌తో ఇచ్చినట్టు కొట్టు" అన్నాడు. శాస్త్రం మీద గౌరవంతో ఒప్పుకున్నాను. మూడు పటర్లు ఒకదాని తరువాత ఒకటి చేతిలో పెట్టాడు. రెండోది వెన్నలా ఉందని, లోతు కక్కు అంటే ఇదేనని ప్రకటించి కళ్ళు తెరిస్తే, అది వాడు గరాజు సేల్‌లో పదిహేను డాలర్లకు తెచ్చిన తుప్పు కర్ర. దాని ముఖాన ఉన్న గీతలు, ఎవరో దానితో మేకులు కొట్టగా పడినవి. ఈ ప్రయోగంలో ఒక మౌలికమైన లోపం ఉంది. నాలుగు వందల డాలర్లు చెవి కోసం పెట్టిన మనిషికి చెవులు మూస్తే ఫలితం ఎలా వస్తుంది?

రోల్ విషయం ఇంకా లోతైనది. బంతి తన బరువుకు గడ్డిలో కాస్త కుంగి కూర్చుంటుంది కనుక, దానిని పైకి తీయడానికి పటర్ ముఖాన్ని మూడు నాలుగు డిగ్రీలు వెనక్కి వాలుస్తారు. దెబ్బ తగిలిన బంతి ముందు కొంత దూరం జారి, తరువాత దొర్లడం మొదలుపెడుతుంది. ఆ జారుడును తగ్గించి త్వరగా దొర్లించడం కక్కు మహిమ అని ప్రకటనలు చెబుతాయి. ఇక్కడ నాకు ఇంటర్మీడియట్ గుర్తుకొచ్చి బాధ కలిగింది. గచ్చు మీద తిరగకుండా జారుతూ బయలుదేరిన గోళం పూర్తిగా దొర్లడం మొదలుపెట్టేసరికి దాని వేగం ఎంత అని ఐఐటీ కోచింగ్‌లో తెల్లవారుజామున లేపి మరీ చేయించేవారు. జవాబు మొదటి వేగంలో ఏడింట ఐదు వంతులు. నేల గరుకుగా ఉంటే ఆ స్థితికి త్వరగా వస్తుంది, నున్నగా ఉంటే ఆలస్యంగా వస్తుంది, జవాబు మాత్రం మారదు. అంటే బంతిని దొర్లించేది ప్రధానంగా గడ్డి. ఆ లెక్కలో ఎక్కడా పటర్ ముఖం ప్రస్తావనే లేదు. ఇంత ముఖ్యమైన అంశాన్ని విస్మరించిన సిలబస్‌తో ఒక తరం తరమంతా ఇంజినీర్లయి ఇక్కడికి వచ్చిందంటే ఆశ్చర్యమే.

నిజానికి కక్కు చేసే మేలు ఒకటుంది, దానిని దాచను. గాట్ల వెడల్పునో లోతునో మధ్యకొక రకంగా, అంచులకొక రకంగా మారిస్తే, బంతి మధ్యలో తగలకపోయినా వేగం మరీ పడిపోకుండా ఉంటుంది. అయితే ఈ సదుపాయం మధ్యలో కొట్టలేనివారి కోసం కనుక నాకు అవసరం లేదని దుకాణంలో స్పష్టంగా చెప్పాను.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను మా బావమరిది ఈ మధ్య తరచుగా వాడుతున్నాడు. ఆ సామెత మద్దెలను నిందించి ఊరుకునేవారికి. నేను మద్దెల మార్చాను, రెండుసార్లు. పైగా నా ఆట అంత తీసిపారేయవలసినదీ కాదు. పీజీఏ టూర్ ఆటగాళ్ళు, అంటే ఆటే వృత్తిగా ఉన్న మేటివారు, ఎనిమిది అడుగుల నుంచి సుమారు సగం సార్లే గుంటలో వేస్తారు. నేను మూడడుగుల నుంచి సగం సార్లు వేస్తాను. వారికీ నాకూ మధ్య ఉన్నది ఐదడుగులు, దానిని కక్కుతో పూడ్చవచ్చునన్నదే నా వాదన.

చివరకు లోతు కక్కు, కార్బన్ స్టీలు తీసుకున్నాను. ఆ రాత్రి హాల్లో తివాచీ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి, మూడడుగుల దూరం కొలిచి, పది బంతులు కొట్టాను. ఆ టప్పు చప్పుడు ఇల్లంతా పరుచుకుంది. వంటింట్లో కరివేపాకు దూస్తున్న మా ఆవిడ, ఆటంటే ఏమిటో తెలియని మనిషి, ఇటు తిరగకుండానే "కొత్తది కొన్నారా?" అంది.

ఎలా తెలిసిందని అడిగాను.

"మొన్నటిది టంగుమనేది, ఇది టప్పుమంటోంది. బల్ల కాలికి తగిలే చప్పుడు మాత్రం మారలేదండీ" అంది.