నీచు వాసన గారికి, విశాఖ పెదజాలరిపేట నుంచి

మహారాజశ్రీ నీచు వాసన గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. నాలుగుసార్లు సబ్బు రాసుకుని, రెండు నిమ్మచెక్కలు మోచేతుల దాకా రుద్దుకుని ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. అయినా కాగితం మీద మీరున్నారనే అంటారు అవతలివాళ్ళు. మధ్యవర్తులెందుకని మీకే రాస్తున్నా.

మన పరిచయం నా పుట్టుకతో మొదలైంది. మా నాన్న వేటకెళ్తాడు. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని లాసన్స్ బే కాలనీ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర చేపలమ్ముతుంది. నేను డిగ్రీ చదివి, ఉద్యోగం దొరికేదాకా అనుకుని బోటెక్కి ఆరేళ్ళయింది. మా పేట పక్కనే ఆ కాలనీ. ఇటువైపు మీరు ఇంటి మనిషి, అటువైపు వాట్సాప్ గ్రూపులో కంప్లైంట్. మీ పేరు కూడా అలా కుదిరింది మరి. కొమ్ము తీసి సున్నా పెడితే నీచం.

నేను ప్రేమించిన అమ్మాయి ఉండేది ఆ కాలనీలో, నాలుగో అంతస్తులో.

ఈ విషయంలో మీరు చేసిన సాయం మరిచిపోలేను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, వాటిని కదపకూడదని. మర పడవలన్నీ హార్బర్లో కట్టేస్తారు, మా ఫైబర్ బోటు ఇసక మీద బోర్లా పడుకుంటుంది, మీరు సెలవు మీద వెళ్తారు. పోయినేడు ఆ సెలవుల్లోనే, పొద్దున వాకింగ్‌కొచ్చిన ఆ అమ్మాయి కుక్క నేను బాగుచేస్తున్న వలలో పడింది. నిషేధంలో నాకు పడ్డదల్లా అదొక్కటే. విడిపించడానికి పావుగంట పట్టింది. నిజానికి రెండు నిమిషాల పని.

ప్రభుత్వం చేపలకిచ్చిన ఆ రెండు నెలల్ని మేం కూడా వాడుకున్నాం. బీచ్ రోడ్డు మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నాం. ఊళ్ళో పుట్టి పెరిగి ఎప్పుడూ ఎక్కని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం టికెట్ కొనుక్కుని ఎక్కాం. జూన్ 15న బోటు నీళ్ళలో దిగింది. 16న కలిస్తే ఆ పిల్ల ముక్కు ఒక్క క్షణం ముడుచుకుని, వెంటనే సర్దుకుంది. ముడుచుకున్నందుకు కాదు, సర్దుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది. నిమ్మకాయల ఖర్చు ఆ రోజు నుంచే.

ఈ ఏడు మే నెలలో, మీరు ఊళ్ళో లేని అదను చూసుకునే వాళ్ళింటికి వెళ్ళాను. నేను చేప ముట్టి నెల దాటింది. అయినా హాల్లో ఐదు అగరొత్తులు వెలుగుతున్నాయి. అప్పుడు తెలిసింది, మీరు ఆధార్ కార్డు అడ్రసులో కూడా ఉంటారని.

"ఏం చేస్తుంటావ్ బాబూ?" అన్నారు వాళ్ళ నాన్నగారు.

"వేటండి."

"అంటే, సీఫుడ్ ఎక్స్‌పోర్టా?" ముఖం వెలిగింది.

"కాదండి, బోటు."

ముఖం ఆరిపోయింది. ఆయన తప్పేముంది? మీరు రొయ్యతో పాటు ఫ్రీజర్ కంటైనర్ ఎక్కి మన పోర్టు దాటితే డాలర్ల వాసన. మా అమ్మ గంపలో లిఫ్టెక్కితే వాచ్‌మన్ దింపేస్తాడు.

ఇంతలో వాళ్ళమ్మగారు వంటింట్లోంచి వచ్చి నన్ను పరకాయించి, "అరె, నువ్వు మా చేపలామె కొడుకువా!" అని నిజంగానే సంతోషించారు. నిషేధం అయ్యాక పెద్ద కోనాం ఒకటి పంపమన్నారు. ఆవిడ వెనకాలే చేపల పులుసు ఘుమఘుమ. వేట లేని రోజుల్లో అదెన్నాళ్ళ ఐసు చూసిన చేపో!

మీ జాతకం నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా, కోపగించకండి. వలలోంచి తీసిన చేపకి మీరు దాదాపు ఉండరు, ఉప్పునీటి వాసనే. చేప చచ్చాక దాని ఒంట్లో ఉన్న పదార్థాన్ని బాక్టీరియా ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. ఆ పొడుగు పేరు మీదే. అంటే బోటు మీద మీరు పసికందు. గంపలో బాల్యం దాటి, ఫ్రిజ్‌లోకొచ్చాక పెళ్ళీడుకొస్తారు. పులుపు తగిలితే గాల్లోకి లేవలేరు. కెమిస్ట్రీ చదవని మా అమ్మమ్మ చింతపండుతో మిమ్మల్ని ఎప్పుడో కట్టేసింది. మీరు పెరిగిన ఇల్లు వాళ్ళది, పేరు మాత్రం మా పేటకొచ్చింది.

అదే వారం ఇసకలో ఉన్న మా బోటు దగ్గరికి ఒక జంట ప్రీవెడ్డింగ్ షూట్‌కొచ్చింది. గౌను అమ్మాయి వల మీద కూర్చోడానికి జంకుతుంటే, ఫొటోగ్రాఫర్ ధైర్యం చెప్పాడు: "ఫొటోలో వాసన రాదు మేడమ్."

ఇక మా అమ్మ. సంగతి చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నా. "ఆళ్ళ లిఫ్టులో ఏదో సెంటు కొడతార్రా, నాకు కడుపులో తిప్పీసింది. ఆ కంపులో పుట్టిన పిల్ల మనింట్లో ఎలగ ఉంటాదిరా?" అని రెండ్రోజులు సరిగ్గా తినలేదు.

అసలు విషయానికొస్తా. పోయిన సోమవారం 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి నోటీసు ఇచ్చాం. ఎవరికీ తెలియకుండా చేసేద్దామని నేనన్నా. "దొంగ సరుకా? బోర్డు మీద పెట్టే చేసుకుందాం" అంది ఆ పిల్ల. మా ఇద్దరి పేర్లూ ఇప్పుడు ఆఫీసు గోడ మీదున్నాయి. అభ్యంతరం ఉన్నవాళ్ళు 30 రోజుల్లోగా చెప్పొచ్చు. ఏయే అభ్యంతరాలు చెల్లుతాయో అడిగి రాసుకున్నాను: వయసు చాలకపోవడం, అప్పటికే పెళ్ళయి ఉండటం, మతిస్థిమితం లేకపోవడం, మరీ దగ్గరి చుట్టరికం. రెండుసార్లు చదివాను. మీరు లేరు.

అయినా పెద్దవారు, అడగడం మర్యాద. చెప్పుకునేది ఏదైనా ఉంటే గడువులోగా ఆఫీసుకి రండి. ఏసీ గది, తలుపు మాత్రం వెంటనే వేసేయండి.

ఇట్లు,
మీతో పుట్టి పెరిగినవాడు