త్రేన్పు వస్తే పైలోరీయేనా?

గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది: "తిన్న వెంటనే కడుపు బండలా ఉంటే, త్రేన్పులు ఆగకపోతే హెచ్. పైలోరీ పురుగు చేరినట్టే. అది జీర్ణాశయాన్ని కదలనివ్వదు, తిన్నది అక్కడే కుళ్ళుతుంది. రక్త పరీక్ష చేయించి, షాపులో ఏడు రోజుల కిట్ తెచ్చుకోండి. కదలిక కోసం డోంపెరిడోన్ కలపండి. తర్వాత రక్త పరీక్షలో నెగెటివ్ రావాలి. పదిమందికీ పంపండి."

పదిమందికీ పంపారు, ఆ పదిమందీ మళ్ళీ మనకే పంపారు. ఇక జవాబు రాయక తప్పడం లేదు.

హెచ్. పైలోరీ పురుగు కాదు, కడుపులో చేరే బ్యాక్టీరియా. నులిపురుగుల మాత్రకి చావదు. ఆ యాసిడ్‌లో అన్నం కుళ్ళదు కూడా. ఇంతకన్నా వీటి గురించి చెప్పేదేం లేదు.

"కదలనివ్వదు" అన్నది కొలిచి చూడగలిగిన విషయమే. టెక్నీషియం (స్కాన్‌లో కనపడేలా కొద్దిగా రేడియోధార్మికత ఉన్న పదార్థం) కలిపిన గుడ్డు, బ్రెడ్డు తినిపించి 4 గంటలపాటు స్కాన్ తీస్తారు. చివరికి 10 శాతం కన్నా ఎక్కువ మిగిలితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతున్నట్టు లెక్క. అజీర్తి ఉన్నవాళ్ళలో ఇలా తేలేది సుమారు మూడోవంతు మందికి మించదు. అజీర్తి ఉన్నవాళ్ళలో పైలోరీ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఈ విషయంలో నిలకడగా తేడా కనపడలేదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేవాళ్ళలో చాలామందికి ఇబ్బంది వేరు: అన్నం దిగగానే వదులు కావాల్సిన కడుపు పైభాగం వదులు కాదు. మన దేశంలో పెద్దవాళ్ళలో సగానికి పైగా ఈ బ్యాక్టీరియా ఉంది. మెసేజ్ నిజమైతే ప్రతి పెళ్ళిలో సగం పంక్తి పప్పు దగ్గరే లేచిపోవాలి. కడుపు నిజంగా మందగించిందంటే ముందు చూడాల్సినవి ఏళ్ళ తరబడి ఉన్న షుగరు, ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు, బరువు తగ్గడానికి తీసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు.

అసలు ప్రమాదం "డోంపెరిడోన్ కలపండి" అన్న రెండు మాటల్లో ఉంది. కిట్‌లో సాధారణంగా మూడు మందులుంటాయి: యాసిడ్ తగ్గించే మాత్ర, అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్. ఒంట్లోంచి డోంపెరిడోన్‌ని వదిలించేది లివర్‌లోని ఒక ఎంజైమ్. క్లారిత్రోమైసిన్ సరిగ్గా ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది, దాంతో డోంపెరిడోన్ రక్తంలో పేరుకుపోతుంది. ఈ రెండు మందులకీ ఈసీజీలో క్యూటీని (గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ సిద్ధం కావడానికి పట్టే సమయాన్ని) సాగదీసే గుణం ఉంది. రెండూ కలిస్తే గుండె లయ ప్రాణం మీదికి వచ్చేంతగా తప్పవచ్చు. పెద్ద వయసువాళ్ళు, గుండె జబ్బున్నవాళ్ళు, మూత్రం ఎక్కువగా పోయించే నీళ్ళ మాత్రలతో పొటాషియం తగ్గినవాళ్ళకి మరీ ముప్పు. అందుకే ఈ రెంటినీ కలపకూడదన్నది మందు కాగితంలోనే రాసి ఉంటుంది. "నేను డోంపెరిడోన్ వేసుకోవట్లేదు" అనుకునే ముందు ఇంట్లో గ్యాస్ మాత్ర అట్ట తిప్పి చూడండి. పేరు చివర "డి" ఉంటే సాధారణంగా అందులో డోంపెరిడోన్ ఉన్నట్టే; యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ 40 మి.గ్రా. ఉన్న రకంలో అయితే మామూలుగా 30 మి.గ్రా. 2014లో యూరప్ మందుల సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి పెట్టిన హద్దు ఆ 30 మి.గ్రా.లే, అదీ వాంతులు, వికారానికి మాత్రమే, మామూలుగా వారం లోపు. మన ఇళ్ళలో దాన్ని పొద్దున్నే కాఫీకి ముందు ఏళ్ళ తరబడి మింగుతున్నాం.

ఇక కిట్ సంగతి: ఏడు రోజులు చాలవు, 14 రోజులు వాడాలి. నోరు చేదెక్కిందని నాలుగో రోజున ఆపితే బ్యాక్టీరియా చావకపోగా మందుకి అలవాటు పడుతుంది.

తర్వాతి రక్త పరీక్ష డబ్బు దండగ. అది చూసేది బ్యాక్టీరియాతో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలని; బ్యాక్టీరియా పోయినా అవి నెలలు, ఏళ్ళు ఉంటాయి. దాన్ని చూసి రెండోసారి కిట్ మింగేవాళ్ళని ఏమనాలి! కోర్సు అయిన 4 వారాలకి ఊపిరి పరీక్షో, మలంలో యాంటిజెన్ (బ్యాక్టీరియా ఆనవాలు) పరీక్షో చేయించాలి. గ్యాస్ మాత్ర 2 వారాల ముందే ఆపకపోతే అవీ తప్పుగా నెగెటివ్ చూపించవచ్చు.

ఇంతా తిట్టి ఒకటి ఒప్పుకుంటున్నాను. జన్మంతా పాంటాప్రజోల్ మింగమనే సలహా కన్నా, పైలోరీ ఉందేమో చూడమన్న ఈ మెసేజే నయం. ఎండోస్కోపీలో ఏమీ కనపడని అజీర్తిలో పైలోరీకి వైద్యం చేస్తే సుమారు 14 మందిలో ఒకరికి దానివల్ల ఉపశమనం దొరుకుతుంది. అల్సర్ ముప్పూ, కడుపు క్యాన్సర్ ముప్పూ తగ్గడం అదనం. కానీ ఆ ఉపశమనం తేలడానికి ఆరు నెలలు పైనే పడుతుంది. మూడో రోజుకే తేలికైందని గ్రూపులో సాక్ష్యం చెప్పేవాళ్ళు ఒకటి గమనించాలి: క్లారిత్రోమైసిన్‌కి అన్న లాంటి ఎరిత్రోమైసిన్‌ని కడుపు కదలిక పెంచడానికే ఆసుపత్రుల్లో వాడతారు. తమ్ముడికీ ఆ గుణం కొంత ఉంది. తేలిక ఎవరి పుణ్యమో మూడు రోజుల్లో తేలదు.

బరువు తగ్గుతున్నా, మింగుడు పడకపోయినా, విరేచనం తారులా నల్లగా అవుతున్నా మెసేజూ వద్దు, కిట్టూ వద్దు. ముందు ఎండోస్కోపీ.