తలుపవతల మోగిన ఓటీపీ

శనగలు మాడాయి. ఇల్లు నిలిచింది. పరువు మాత్రం నిన్న పొద్దున మా అపార్ట్‌మెంట్ అయిదో అంతస్తులో, లిఫ్టు ఎదురుగా, నలుగురి మధ్యా పోయింది.

శ్రావణ శుక్రవారం కదా అని గడప ముందు ముగ్గు వేయడానికి బయటికి వచ్చాను. పేపరు కోసం మామయ్యగారు నా వెనకే వచ్చారు. ఆయన వెనక తలుపు మూసుకుంది. దగ్గరగా చేరితే చాలు, ఎవరూ చెప్పకుండానే గడియ వేసుకునే సుగుణం మా స్మార్ట్ తాళానికి ఉంది. మా ఆయన ముందురోజే విజయవాడ వెళ్ళారు. లోపలినుంచి పిడి తిప్పితే ఎప్పుడైనా తెరుచుకుంటుంది గానీ, తిప్పడానికి లోపల కుక్కర్ తప్ప ఎవరూ లేరు.

ఈ తాళం మా ఇంటికి రావడానికి కారకుడు మా మరిది. "ఇంకా తాళంచెవుల గుత్తి మోస్తున్నారా వదినా!" అని జాలిపడ్డాడు. రాణీగంజ్ దుకాణంలో అమ్మే అబ్బాయి వేళ్ళు మడిచి మరీ లెక్క చెప్పాడు: వేలిముద్ర, రహస్య సంఖ్య, కార్డు, ఫోనులో యాప్, ఏదీ కుదరకపోతే మామూలు తాళంచెవి. అయిదు దారులండీ, మీకు ఇబ్బందే ఉండదు అన్నాడు. మొదటి నాలుగు దారులూ కలిసి నాలుగు పెన్సిల్ సెల్స్ మీదే బతుకుతాయనీ, అవి నీరసపడితే కార్డు, యాప్ అన్నీ ఒకేసారి మంచం పడతాయనీ మాత్రం అనలేదు. అయిదోదైన తాళంచెవిని మా ఆయన బీరువాలో భద్రంగా దాచారు. బీరువా ఇంట్లో ఉంది.

అమీర్‌పేటలో మా ఆయన ఆఫీసుకీ ఆ దుకాణంలోనే ఒకటి చెప్పాం. అద్దాల తలుపు కాబట్టి అయస్కాంతం తాళమట. కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, పోతే వదిలేస్తుంది. నిప్పంటుకుంటే లోపలివాళ్ళు బయటపడాలి, అందుకని. బ్యాకప్ బ్యాటరీ వేరే కొనుక్కోకపోతే కరెంటు పోయిన రాత్రి ఆఫీసు తలుపు వీధికి అప్పగించినట్టే. అంటే విద్యుత్తు లేకపోతే ఆఫీసులోకి ఎవరైనా రావచ్చు, ఇంట్లోకి ఇంటివాళ్ళు కూడా రాకూడదు. రెండింటికీ డబ్బాల మీద ముద్రించిన మాట మాత్రం ఒకటే, 'సంపూర్ణ భద్రత'.

తాళం ముందుగా హెచ్చరించలేదని అనను. వారం పైనుంచి తలుపు తీసినప్పుడల్లా ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా ఏదో చెబుతూనే ఉంది. అది స్వాగతం పలుకుతోందనుకుని మామయ్యగారు "సంతోషం తల్లీ" అంటూ లోపలికి వచ్చేవారు. పాపం, అది ఆకలని చెప్పుకుంటోంది.

ఎదురింటి పిన్నిగారు ఫోను ఇచ్చారు. నాది లోపల సోఫా మీద ఉంది. కంపెనీ సహాయ కేంద్రానికి చేశాను. తెలుగుకు రెండు నొక్కమంది, నొక్కాను. హిందీలో ఒకమ్మాయి పలికి, నా హిందీ విని తనే తెలుగులోకి దిగింది.

"మీ భద్రత కోసం మేడమ్, మీరే యజమాని అని ముందు నిర్ధారించుకోవాలి. రిజిస్టర్ చేసిన నంబరుకు ఓటీపీ పంపాను, చెప్పండి."

ఆ మాట పూర్తికాలేదు, తలుపవతల నా ఫోను 'టింగ్' అంది.

ఆ చప్పుడు నేనొక్కదాన్నే కాదు, పిన్నిగారు విన్నారు, పాలబ్బాయి విన్నాడు, పై అంతస్తు నుంచి దిగుతూ ఆగిన దంపతులు విన్నారు. మామయ్యగారు "వచ్చిందమ్మా!" అని సంబరపడ్డారు కూడా. నా విడుదల పత్రం మూరెడు దూరంలో, టేకు చెక్కకు అవతల, వెల్లకిలా పడుకుని ఉంది.

"వచ్చింది గానీ లోపల ఉందమ్మా" అన్నాను.

"పర్వాలేదు మేడమ్, మళ్ళీ పంపుతాను." టింగ్.

ఫోను లోపలే ఉందని మొదటినుంచీ వివరించాను. తలుపు తీయలేకపోవడం వల్లనే చేశాననీ, తీయగలిగితే తనతో మాట్లాడే భాగ్యం నాకు దక్కేదే కాదనీ చెప్పాను. ఆ అమ్మాయి ఓపికకు దండం పెట్టాలి. "అర్థమైంది మేడమ్. అయితే సీరియల్ నంబరు చెప్పండి చాలు. బ్యాటరీల మూత తీస్తే స్టిక్కర్ ఉంటుంది."

మూత ఏ వైపు ఉంటుందని అడిగాను.

"లోపలి వైపు మేడమ్. బయట ఉంటే దొంగలు చూస్తారు కదా."

దొంగల విషయంలో ఇంత ముందుచూపు ఉన్న సంస్థ, కొన్నవాళ్ళ విషయంలో కాస్తయినా ఖర్చుపెట్టి ఉండవచ్చు. కుక్కర్ ఇంకో కూత వేసింది. పిన్నిగారు "మాడు వాసన వస్తోందమ్మాయ్" అని నాకు తెలియని సంగతి తెలియజేశారు. టింగ్. ఈసారిది ఓటీపీ కాదట, నా ఫిర్యాదు నమోదైందన్న శుభవార్త అట.

చివరికి మా లిఫ్టు బాగుచేసే కుర్రవాడు వచ్చి, తాళం అడుగున ఉన్న రెండు లోహపు చుక్కలు చూపించాడు. తన మల్టీమీటర్లోంచి తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ ఊడదీసి అక్కడ ఆనించి పట్టుకున్నాడు. తాళం లేచి పలకరించింది. సహాయ కేంద్రం అమ్మాయికి ఈ చుక్కల సంగతి తెలుసో లేదో గానీ, యజమానురాలినని రుజువయ్యేదాకా నాకు చెప్పకూడదేమో. వరిపిండి పట్టిన నా వేలిని తాళం గుర్తించలేదు. మామయ్యగారి వేలు ఆధార్ యంత్రాలకే ఎప్పుడూ ఆనదు, దీనికీ ఆనలేదు. ఇక రహస్య సంఖ్య. పక్కవాళ్ళు కనిపెట్టకుండా అసలు అంకెలకు ముందూ వెనకా దొంగ అంకెలు ఎన్నయినా నొక్కవచ్చు. ఆయన అసలు అంకెలే, ఒక్కొక్కటీ పైకి చదివి, నొక్కారు. పాలబ్బాయి పెదవులు కదలడం నేను చూశాను.

మధ్యాహ్నం కొత్త సెల్స్ వేసి, సంఖ్య మార్చి, కుక్కర్ తోముతున్నాను. వీధి తలుపు దానంతట అదే తెరుచుకుంది. కంపెనీ టెక్నీషియన్, సంచీ భుజాన వేసుకుని, చెప్పులు విడుస్తున్నాడు.

"మీరెలా తెరిచారు?"

"నా వేలు ఉంది కదా మేడమ్. బిగించిన రోజు డెమో కోసం వేశాను." వానలకు తలుపు ఉబ్బి గడియ సరిగ్గా దిగడం లేదనీ, దాన్ని తోసీ తోసీ మోటారు సెల్స్ తాగేస్తోందనీ చూడగానే చెప్పాడు. ఆకురాయి తీసి చట్రాన్ని రుద్దుతూ, నా వంక తిరగకుండానే అడిగాడు.

"ఆఫీసుది ఎప్పుడు బిగించమంటారు మేడమ్?"