నవాబ్ సుబేదార్ అమ్మమ్మ

ఫ్లెక్సీ వద్దని తాతయ్య మొదటే చెప్పారు.

"ఆవిడకు గోడకు మేకు కొట్టడమే గిట్టేది కాదు. క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు చిల్లు కనిపిస్తే జీతంలో కోస్తారు" అన్నారు.

అమ్మమ్మ ఆఖరి క్వార్టర్ ఖాళీ చేసింది 1987లో. ఆ తరువాత యాప్రాల్‌లో సొంత ఇల్లు కట్టుకున్నారు. అందులోనూ ఆవిడ మంజూరు చేసిన మేకులు రెండే: ఒకటి గడియారానికి, ఒకటి క్యాలెండరుకు. దేవుళ్లంతా అల్మరాలోనే ఉండేవారు. ఏ క్షణాన బదిలీ ఉత్తర్వు వచ్చినా సర్దడానికి వీలుగా, పొడవును బట్టి వరుసలో.

కానీ పెద్దమామయ్య ఒక పట్టాన వినే మనిషి కాదు. మా వీధిలో పసివాడికి ఏడాది నిండితే ఫ్లెక్సీ, అయ్యప్ప మాల వేసుకుంటే ఫ్లెక్సీ, మొన్నటికి మొన్న ఎవరి అబ్బాయికో పదో తరగతి గట్టెక్కినందుకు ఫ్లెక్సీ. "అమ్మ సంవత్సరీకానికి గేటు బోసిగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. ఆ నలుగురు ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. పని మాత్రం నా నెత్తిన పడింది. కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడికి ఫ్లెక్సీ వేయించడం తెలియకుండా ఉంటుందా అని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం.

మొదట ఫోటో కావాలి. అమ్మమ్మ సామాను ఇప్పటికీ నల్లరంగు రేకు పెట్టెల్లోనే ఉంది. పెట్టెల మీద తెల్లరంగుతో తాతయ్య నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. ప్రతి మూత లోపలా ఆవిడ చేత్తో రాసిన జాబితా ఒకటి. మూడో పెట్టె తీశాను. "11. ఫోటోలు, 27" అని ఉంది. లెక్కపెడితే 26. గుండె గుభేలుమంది. ఆవిడ పోయి ఏడాదైనా సరే, లెక్క తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుందన్న భయం పోలేదు. జాబితా చివర సన్నని అక్షరాల్లో, "ఒకటి చిన్న చెల్లెలు తీసుకుంది, 1974. ఇంకా ఇవ్వలేదు" అని కనిపించాక ఊపిరి పీల్చుకున్నాను.

ఉన్న ఇరవై ఆరింటిలోనూ ఆవిడ ఒక్కదాంట్లో కూడా కెమెరా వైపు చూడడం లేదు. పెళ్లిలో విస్తళ్లు లెక్కపెడుతోంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద హోల్డాళ్లు లెక్కపెడుతోంది. గ్రూపు ఫోటోలో అయితే మమ్మల్నే లెక్కపెడుతోంది. తిన్నగా ఎదుటికి చూస్తున్న బొమ్మ ఒక్కటే దొరికింది, అదీ క్యాంటీన్ కాగితాలకు జత చేసిన పాస్‌పోర్టు సైజుది. మిలిటరీ క్యాంటీన్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా బంధువుల్లో సగం మందికి అమ్మమ్మ మీద పొంగుకొచ్చే ప్రేమకు అదే ఊట. "అత్తయ్యా, ఎలా ఉన్నావు?" అని వచ్చినవాళ్లు మూడో మాటకల్లా "మామయ్య కోటా ఈ నెల తెచ్చుకున్నారా?" అనేవారు. ఆవిడ వాళ్ల చేతిలో బట్టల సబ్బులు పెట్టి పంపేది.

ఇక మాటర్. నేను ఫ్లెక్సీ దుకాణానికి ఫోను చేసింది జూబిలీ బస్ స్టేషన్ ముందు, సాయంత్రం ఆరున్నరకు. ఆ సమయంలో అక్కడ మనిషికి తన ఆలోచనలే తనకు వినిపించవు.

"పేరు పైన పెద్ద అక్షరాల్లో వేయండి. కింద, నాయబ్ సుబేదార్ గారి ధర్మపత్ని అని వేయండి" అన్నాను. నాయబ్ సుబేదార్ అన్నది సైన్యంలో తాతయ్య హోదా.

"ఏమని వేయాలి సార్?"

"నాయబ్ సుబేదార్."

"నవాబా?"

"నాయబ్! మిలిటరీ!"

నేను చెప్పినవాటిలో ఆ అబ్బాయికి స్పష్టంగా వినిపించింది ఆ చివరి మాట ఒక్కటేనని తరువాత తేలింది. రాత్రి 11:40కి ఫోనుకు నమూనా పంపాడు. నిద్రమత్తులో బొటనవేలు గుర్తు పెట్టి పంపేశాను. తప్పు అతనిది ఎంతో నాదీ అంత. ఈ మాట మామయ్యకు చెప్పలేదు.

తెల్లవారి ఆరింటికి ఫ్లెక్సీ వచ్చింది. తెచ్చిన కుర్రాడే గేటుకు కట్టేసి వెళ్లిపోయాడు. నేను బ్రష్షు నోట్లో పెట్టుకుని బయటికొచ్చి చూద్దును కదా, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తున, వెనక జాతీయ జెండా, ఎడమవైపు యుద్ధ ట్యాంకు, కుడివైపు సెల్యూట్ చేస్తున్న సైనికుడి నీడ, ఆకాశంలో రెండు జెట్ విమానాలు. నడుమ అమ్మమ్మ. ముఖం మీద ముడతలన్నీ చెరిపేసి ముప్పై ఏళ్లు తగ్గించాడు. కళ్ల జోలికి మాత్రం పోలేకపోయాడు, అవి అలాగే లెక్కపెడుతున్నాయి. పేరుకు ముందు ఎర్రటి అక్షరాల్లో "నవాబ్ సుబేదార్" అని ఉంది. "గారి ధర్మపత్ని" అన్న ముక్క ట్యాంకు చక్రాల కింద పడి పోయింది.

విప్పేద్దామని ముడి మీద చెయ్యి వేశానో లేదో, ఒక ఆటో ఆగింది. డ్రైవరు ఫ్లెక్సీ చదివి, నుదుటికి చెయ్యి ఆనించి, "గొప్ప తల్లి సార్" అని సాగిపోయాడు. పాలబ్బాయి పాకెట్లు గేటు బయట విసరకుండా లోపలికి తెచ్చి చేతికిచ్చాడు. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. ఆ స్థితిలో ఎలా విప్పను?

ఎనిమిది గంటలకు అసలు గండం వచ్చింది. వీధి చివర ఉండే మాజీ సైనికుల్లో ఒక పెద్దాయన, తెల్లటి మీసాలు, మడత చెదరని సఫారీతో లోపలికి నడిచొచ్చి, "జైహింద్" అన్నారు. మామయ్య పురోహితుడి కోసం వెళ్లాడు. నేను స్నానాల గదిలో దాక్కున్నాను. దొరికింది అత్తయ్య. ఆవిడ తెల్లవారుజాము నుంచి గారెల పిండితో కుస్తీ పడుతూ గేటు ముఖమే చూడలేదు. ఆ తరువాతి సంభాషణంతా నేను కిటికీలోంచి విన్నాను.

"అమ్మా, ఈవిడ ఏ కోర్?"

"ఈఎంఈ అండీ." అంటే సైన్యంలో బళ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం, తాతయ్యది.

"ఎప్పుడు చేరారు?"

అత్తయ్య ఆ ప్రశ్నను ఇంటికి కోడలిగా ఎప్పుడు వచ్చారన్నట్టు తీసుకుంది. "1966లోనండీ, మాఘమాసంలో."

పెద్దాయన కాస్త ఆగారు. సైన్యంలో మాఘమాసపు భర్తీ ఆయన విని ఉండరు. "ఎక్కడెక్కడ పనిచేశారు?"

"ఝాన్సీ, జబల్‌పూర్, పఠాన్‌కోట్, మళ్లీ ఝాన్సీ. చివరికి ఇక్కడే, తిరుమలగిరి."

"డెబ్బై ఒకటిలో?"

"పఠాన్‌కోట్‌లోనే. డిసెంబరు 3 సాయంత్రం విమానాలొచ్చి బాంబులు వేశాయి చూడండి, అప్పుడు అక్కడే ఉన్నారు."

పెద్దాయన వెన్ను నిటారైంది. "యుద్ధంలో ఆవిడ బాధ్యత ఏమిటి?"

"వంటండీ."

"ఓహో, లంగర్ కమాండరా!"

"కమాండరే" అంది అత్తయ్య, ముప్పై అయిదేళ్ల అనుభవంతో.

అత్తయ్య చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. తాతయ్య వర్క్‌షాపుతో సరిహద్దుకు వెళ్లిపోతే అమ్మమ్మ ఇద్దరు పిల్లలతో క్వార్టర్‌లో ఉండిపోయింది. కిటికీలకు నల్లకాగితాలు అంటించుకోవాలి, వెలుగు బయటికి పొక్కకూడదు. ఆవిడ ఆ ఆజ్ఞను ఎంత గట్టిగా పాటించిందంటే, పోపు వేసేటప్పుడు మంట పైకి లేస్తుందని, ఆవాల చిటపట కూడా క్షేమం కాదని, యుద్ధం ముగిసేదాకా పోపే మానేసింది. యుద్ధం 16వ తేదీన ముగిసింది. చరిత్ర పుస్తకాల్లో అది బంగ్లాదేశ్ పుట్టిన యుద్ధం. మా ఇంట్లో దాని పేరు "పోపు లేని పదమూడు రోజులు". ఆ పదమూడు రోజుల పప్పు గురించి మామయ్య ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అప్పటికి అతనికి మూడేళ్లు, ఏం గుర్తుందో నాకు సందేహమే.

తాతయ్య నుంచి ఉత్తరం ఆ తరువాత మూడు వారాలకు వచ్చిందట. "క్షేమం. నెయ్యి పంపకు, ఇక్కడ గడ్డకడుతుంది" అని. అంతే. ఆ ఉత్తరాల చిరునామా "56 ఏపీఓ". అది సైన్యం తపాలా కార్యాలయపు నంబరని, మనిషి ఏ కొండల్లో ఉన్నా చిరునామా అదేనని పెళ్లైన కొత్తలో ఎవరూ చెప్పలేదు. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్, 56 అంటే అది ఏర్పడిన 1956, కాబట్టి అల్లుడు మన రాష్ట్రంలోనే ఎక్కడో ఉన్నాడని అమ్మమ్మ వాళ్ల నాన్నగారు తేల్చేశారు. ఆవకాయ జాడీ పట్టుకుని స్టేషనుకు వెళ్లి టిక్కెట్టు కూడా అడిగారు. గుమాస్తా రైళ్ల పట్టిక అంతా వెతికాడట పాపం.

ఈలోగా వరండాలో పెద్దాయన వేళ్ల మీద లెక్కలు వేస్తున్నారు. "అమ్మా, డాక్టర్లు, నర్సులు కాక మామూలు శాఖల్లో ఆడవాళ్లను అధికారులుగా తీసుకున్నదే 1992లో కదా. మరి ఈవిడ 66లో..." అంటూ ఉండగానే తాతయ్య బయటికి వచ్చారు.

నేను తుండుగుడ్డతోనే పరుగెత్తుకొచ్చాను. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లారు. చదివారు. ట్యాంకు చూశారు, విమానాలు చూశారు. మళ్లీ చదివారు. ఆయన ఇరవై నాలుగేళ్లు పనిచేసి హవల్దారుగా దిగితే, గౌరవ హోదాగా ఇచ్చారు ఆ నాయబ్ సుబేదార్ అన్న మాట. ఇంటికి వచ్చే కరెంటు బిల్లు మీద కూడా అది ఉండాలని పట్టుబట్టే మనిషి. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఎవరు రాయించారు?"

"నేనే తాతయ్యా. ఫోనులో సరిగా వినపడక... ఇప్పుడే విప్పేస్తాను."

"ఎందుకు విప్పడం? నాయబ్‌ని నేను. నవాబు ఆవిడే. సరిగ్గానే ఉంది" అన్నారు.

సఫారీ పెద్దాయన ఫ్లెక్సీ వైపు తిరిగి, మడమలు కలిపి, నిండుగా ఒక సెల్యూట్ కొట్టారు. ఆయనకూ ఇంట్లో ఒక నవాబు ఉన్నట్టుంది.

పురోహితుడు గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. ఆ సంగతి వదిలేద్దాం. అమ్మమ్మ ఉంటే వదిలేది కాదు.

భోజనాలకు మా ఎదురింటి ఉర్దూ మాస్టారు కూడా వచ్చారు. కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, ఎక్కడ మాట దొరికితే అక్కడ దాని తాతముత్తాతలను లాగుతారు. గేటు దగ్గర ఆగి చదివి, వస్తూనే నా భుజం తట్టారు. "బాబూ, ఎవరో తెలిసినవాడే రాశాడు. నాయబ్ అంటే ప్రతినిధి, ఒకరి తరఫున పనిచేసేవాడు. అరబ్బీలో దానికి బహువచనం నువ్వాబ్. అదే మన నవాబ్. గౌరవానికి బహువచనం వాడతాం చూడు, అలా ఒక్క మనిషికే బిరుదైంది."

తెలిసినవాడు కాదు, జూబిలీ బస్ స్టేషన్ హారన్లు రాశాయని నేను చెప్పలేదు.

తాతయ్య మజ్జిగ గ్లాసు పక్కన పెట్టారు. "అంటే మాస్టారూ, ఒక్కడుంటే నాయబ్, ఇంకొకరు కలిస్తే నవాబ్?"

"ఇద్దరికైతే అరబ్బీలో ద్వివచనం వేరే ఉందనుకోండి..." అని మొదలుపెట్టిన మాస్టారు తాతయ్య ముఖం చూసి, "అంతే, అంతే" అనేశారు.

"అయితే ఏడాది నుంచి నేను మళ్లీ నాయబ్‌నే అన్నమాట" అన్నారు తాతయ్య. ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఆయనే గడియారం చూసి, "పదమూడు వందల పది. పది నిమిషాలు ఆలస్యం. రెండో వరుస విస్తళ్లు వేయించండి" అని లేచారు. ఆ రోజు పప్పులో పోపు మాత్రం రెండింతలు పడింది. అత్తయ్య కావాలనే వేసింది.

ఫ్లెక్సీ మూడు రోజులు గేటుకు వేలాడింది. జులైలో వానలు మొదలవగానే వీధి మలుపులో ఇస్త్రీ బండి అతను వచ్చి, బండికి కప్పుగా వేసుకుంటానని అడిగాడు. నేను తటపటాయించాను కానీ తాతయ్య, "ఆవిడ నీడన నాలుగు బట్టలు తడవకుండా ఉంటాయి, ఇచ్చెయ్" అన్నారు. అతను ట్యాంకును వెనక్కి మడిచి కట్టాడు. ఇప్పుడు ముందు వైపు "నవాబ్" అన్న మాట, దాని కింద అమ్మమ్మ కళ్లు కనిపిస్తాయి. తాతయ్య పొద్దున్నే నడకకు వెళ్తూ అక్కడికి రాగానే చొక్కా గుండీలు సరిచూసుకుంటారు.

మొన్న ఆదివారం బట్టలు తెచ్చుకోవడానికి వెళ్లాను. పదకొండే ఇచ్చాడు. "పన్నెండు ఇచ్చానయ్యా" అన్నాను. అతను మాట్లాడకుండా తలెత్తి కప్పు వైపు చూశాడు. "అమ్మగారు పైనుంచి చూస్తుండగా లెక్క ఎలా తప్పుతుంది సార్?" అన్నాడు. ఇంతలో తాతయ్య వచ్చి సంగతి విని, నన్ను ఎగాదిగా చూసి, "ఒరేయ్, ఆ నీలం చొక్కా ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావు?" అన్నారు.

పన్నెండోది నా ఒంటి మీదే ఉంది.