దూకని గోల్‌కీపర్ సామ్ హార్డీ

గోల్‌కీపర్ గొప్పతనాన్ని గాల్లోకి ఎగిరిన ఫొటోలతో కొలవడం అలవాటైపోయింది. ఆ లెక్కన ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ సామ్ హార్డీకి మార్కులే పడవు. అతను ఒళ్లంతా చాచి దూకడం తానెన్నడూ చూడలేదని సండర్లాండ్ క్లబ్ ఫార్వర్డ్ చార్లీ బుకాన్ చెప్పాడు. అయినా తాను ఎదుర్కొన్న కీపర్లలో అతనే మేటి అన్నాడు. అయస్కాంతం లాగినట్టు బంతి అతని దగ్గరికే వెళ్లేదట.

ఆ అయస్కాంతం నిలబడే చోటులో ఉంది. గోల్ వెడల్పు 24 అడుగులు. ఎదురుగా 12 గజాల నుంచి షాట్ వస్తుంటే, గోల్ గీత మీదున్న కీపర్ 24 అడుగులూ కాచుకోవాలి. 4 గజాలు ముందుకొస్తే కాచాల్సింది 16 అడుగులే. ఆ అడుగులు షాట్‌కు ముందే పడాలి. బంతి కాలు విడిచేసరికి కీపర్ స్థిరంగా ఉండాలి, లేదంటే పక్కకు వెళ్లే బంతికి కాలు తిరగదు. మరీ ముందుకొస్తే తల మీదుగా లేపేస్తారు. కాస్త పక్కకు జరిగితే దగ్గరి పోస్టు వైపు సందు దొరికిపోతుంది. పైగా ఆ రోజుల్లో తోలు బంతి వానకు నీళ్లు పీల్చి బరువెక్కేది, కీపర్‌ను భుజంతో ఢీకొట్టడానికీ అనుమతి ఉండేది. అలాంటి బంతిని వేళ్లతో అందుకోవడం కన్నా గుండెకు ఎదురుగా రప్పించుకోవడమే క్షేమం.

1912 దాకా కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో ఆడొచ్చు. వేల్స్ కీపర్ లీ రిచ్‌మండ్ రూస్ బంతిని నేలకు కొడుతూ మధ్యగీత దాకా పరుగెత్తేవాడు. ఆ ఏడాది చేతి ఆటను పెనాల్టీ ఏరియాకే పరిమితం చేశారు. రూస్ తరహా ఆటకు అది పెద్ద దెబ్బ. హార్డీ పెట్టుబడి మాత్రం గోల్ ముందున్న ఆ నాలుగు గజాలే, అందులో ఏదీ పోలేదు.

అతని కెరీరే ఇందుకు సాక్ష్యం. 1905లో చెస్టర్‌ఫీల్డ్ నుంచి లివర్‌పూల్‌కు వచ్చి తొలి సీజన్‌లోనే లీగ్ గెలిచాడు. 1912లో ఆస్టన్ విల్లా క్లబ్‌కు మారాడు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో బుకాన్ ఆడిన సండర్లాండ్‌పై విల్లా 1-0తో గెలిచింది. ఆ మ్యాచ్‌లో హార్డీ గాయపడి కాసేపు బయటికెళ్తే, సబ్‌స్టిట్యూట్లు లేని కాలం కాబట్టి హాఫ్‌బ్యాక్‌గా (ఫార్వర్డ్‌ల వెనక) ఆడే జిమ్మీ హారప్ గోల్‌లో నిలబడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాలుగు లీగ్ సీజన్లు మింగేసినా, 1920 కప్ ఫైనల్లో హడర్స్‌ఫీల్డ్‌కు అదనపు సమయంలోనూ హార్డీ గోల్ ఇవ్వలేదు. ఇంగ్లండ్‌కు ఆడిన 21 మ్యాచ్‌ల్లో చివరిది ఆ ఏడాదే, 37 ఏళ్ల వయసులో. నలభై ముంగిట నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో చేరి, 1921-22లో రెండో డివిజన్ టైటిల్ కూడా గెలిచాడు.